ఆకులో ఉడికించిన చేపా, పెనం మీద కాల్చిన చేపా: రాత్రి భోజనానికి ఏది మేలు?

చేప అనగానే మన ఇళ్లలో ముందు పులుసే. కానీ చింతపండు, కారం బాగా పట్టిన పులుసు రాత్రి పూట అందరికీ పడదు. కొత్తిమీర, పుదీనా లాంటి ఆకులు పట్టించిన చేప ముక్క, పక్కన కొంచెం చిరుధాన్యం, కొన్ని కూరగాయలు ఉంటే కడుపు తేలిగ్గా ఉంటుంది. దీన్ని రెండు రకాలుగా చేయొచ్చు: అరటాకులో చుట్టి ఆవిరికి ఉడికించడం, పెనం మీద కాల్చడం. నా ఓటు ఆవిరికే. అయితే అన్ని చేపలకూ అది కుదరదు.

ముందు ఆకుల సంగతి చూడాలి, ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. కొత్తిమీర, పుదీనాల వాసన పెద్ద మంట మీద నిలవదు. వాటి ముద్ద పట్టించిన చేపను వేడి పెనం మీద వేస్తే ముద్ద ముందు మాడుతుంది, చేదెక్కుతుంది, లోపల ముక్క ఇంకా పచ్చిగానే ఉంటుంది. అదే ముద్ద అరటాకులో ఉంటే వాసన బయటకు పోకుండా ముక్కకే పడుతుంది. పార్సీలు పాత్రానీ మచ్ఛీ చేసేది ఇలాగే: చందువకు కొబ్బరి, కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి పచ్చడి పట్టించి ఆకులో చుడతారు. పెనానికి సరిపోయేవి కరివేపాకు, మెంతికూర. నూనెలో వేగితేనే వాటి రుచి బయటికొస్తుంది.

ఇక చేప. పండుగప్ప, కొర్రమీను, చందువ ఆవిరికి బాగుంటాయి. ముళ్లు తక్కువ, ముక్క విడిపోదు. శీలావతి (తెలంగాణలో రవ్వ అంటారు) మాత్రం పెనం మీదే మేలు. దాని కండలో సన్నటి ముళ్లు చాలా ఉంటాయి. ముక్కకు దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి కరకరలాడేలా వేయిస్తే అవి అంతగా ఇబ్బంది పెట్టవు. మెత్తగా ఉడికించిన శీలావతిని రాత్రి పూట పిల్లలకు పెట్టాలంటే టెన్షనే. వంజరం కూడా ఆవిరిలో కాస్త పొడిబారుతుంది, పెనానికే ఇవ్వండి.

ధాన్యాన్ని విడిగా ఎంచుకోవద్దు, చేప వండిన తీరు చూసి ఎంచుకోండి. ఆకు విప్పగానే అడుగున పచ్చటి రసం చేరి ఉంటుంది, అసలు రుచంతా అందులోనే. దాన్ని పీల్చుకోవడానికి కొర్ర అన్నం చాలా బాగుంటుంది. బియ్యం కన్నా కొర్రల్లో పీచు ఎక్కువ కాబట్టి కొంచెం తిన్నా చాలనిపిస్తుంది. కప్పు కొర్రలను అరగంట నానబెట్టి, రెండు కప్పుల నీళ్లతో సన్న మంట మీద ఉడికించి, మూత తీయకుండా పది నిమిషాలు వదిలేస్తే పొడిపొడిగా వస్తుంది. కాల్చిన చేపకు రసం ఉండదు. దాని పక్కన కొర్ర అన్నం గొంతులో అడ్డం పడుతుంది. జొన్న రొట్టె, ఉల్లిపాయ ముక్కలు, లేదంటే వేడన్నం, టమాటా చారు ఉంటేనే తృప్తి.

కూరగాయల్లో ఆవిరిదే పైచేయి. ఇడ్లీ పాత్రలో కింది ప్లేటులో బీన్స్, క్యారెట్, పై ప్లేటులో చేప పొట్లాలు పెడితే ఒకే పొయ్యి మీద పని అయిపోతుంది. అంగుళం మందం ముక్కకు పది, పన్నెండు నిమిషాలు చాలు. ముక్క మధ్యలో చెంచాతో నొక్కితే పొరలుగా విడిపోవాలి. నిమ్మరసం మాత్రం వండే ముందు పావుగంటకు మించి పట్టించి ఉంచకండి, పులుపుకి కండ బిగుసుకుపోతుంది. అరటాకును మంట మీద ఒక్కసారి తిప్పితే మడిచినప్పుడు చిరగదు. ఆకు దొరకని ఊళ్లలో, విదేశాల్లో ఉన్నవాళ్లు బేకింగ్ పేపర్‌లో (పార్చ్‌మెంట్ పేపర్) చుట్టి ఓవెన్‌లో పెట్టుకోవచ్చు.

పెనానికి ఉన్న గట్టి బలం ఒకటి ఒప్పుకోవాలి. ఆకులో ఉడికించిన చేప అప్పటికప్పుడు తినాల్సిందే, మళ్లీ వేడి చేస్తే రబ్బరులా సాగుతుంది. రాత్రి వండి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్న లంచ్ బాక్సులోకి కూడా సర్దాలనుకుంటే, ఆ రోజు శీలావతి ముక్కలు తెచ్చి, మెంతికూర వేసి పెనం మీదే కాల్చండి.