హనుమకొండవాళ్లకు హెచ్చరిక: విదేశీ కాగితాల ఏజెంట్ చేతికి అసలు పత్రాలు ఇవ్వకండి

హనుమకొండలో అమెరికా కాగితాల పని పడినవాళ్లకు ఈ మనిషి తెలిసే ఉంటాడు. పేరు రాయను. రాస్తే పరువునష్టం అంటూ నాకే నోటీసు పంపే రకం. చౌరస్తా వైపు మేడ మీద గది, గోడ నిండా దేశదేశాల జెండాలు, వచ్చినవారికల్లా టీ. ఆ టీ మాకు 22,000 రూపాయలకు పడింది.

మా చెల్లెలిది మతాంతర వివాహం. బెదిరింపులు, దాడి, పోలీసు కేసు అన్నీ అయ్యాకే భార్యాభర్తలిద్దరూ అమెరికా వెళ్లారు. అక్కడ ఆశ్రయం కోసం ఐ-589 ఫారం వేయాలి. దేశంలో అడుగుపెట్టిన ఏడాదిలోపే వేయాలన్నది నిబంధన, ఆ గడువు ముంచుకొస్తోంది. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి చీటీ, పెళ్లి పత్రం, సాక్షుల వాంగ్మూలాలు, తెలుగులో ఉన్నవాటికి ఇంగ్లిషు అనువాదాలు, ఇవన్నీ ఇక్కడి నుంచి నేను పంపాలి. "అన్నా, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఉన్నాను, బుద్ధిగా.

అనువాదాలు లాయర్‌కు చేరాక చెల్లెలు ఫోనులో ఏడ్చింది. ఎఫ్‌ఐఆర్‌లో దాడి చేసినవాళ్లు ముగ్గురు, ఇంగ్లిషులో ఎనిమిది మంది. అసలులో ఎక్కడా లేని కత్తి ఒకటి ప్రత్యక్షమైంది. చేతికి నాలుగు కుట్లు వేశామన్న ఆసుపత్రి చీటీ కాస్తా ప్రాణాపాయ స్థితి అయింది. మా వీధిలో బీడీలు చుట్టే పెద్దమ్మ వేలిముద్ర వేసిన వాంగ్మూలంలో ఆమె కాలేజీ లెక్చరర్! ఊరు కూడా మాది కాదు. ఎవరిదో పాత కాగితం తీసి మనిషి పేరు మాత్రం మార్చాడు. జిల్లాల సంగతి మరీ విడ్డూరం. చెల్లెలి జనన పత్రంలో వరంగల్ జిల్లా, 2019 నాటి పెళ్లి పత్రంలో వరంగల్ అర్బన్, ఈమధ్య తీసుకున్నవాటిలో హనుమకొండ. 2016లో జిల్లాలు విడిపోయి, 2021లో పేరు మారితే కాగితాలు అలాగే ఉంటాయి మరి. ఒక్క వాక్యంలో వివరిస్తే పోయేది. ఈయన అన్నింటా హనుమకొండ అని దిద్దేశాడు.

వెళ్లి అడిగాను. "అన్నా, మీ చెల్లెలి కేసులో పస లేదు. నాలుగు కుట్లకు ఆశ్రయం ఎవరిస్తారు? నేనే కాస్త బలం చేకూర్చాను" అన్నాడు, టీ చప్పరిస్తూ. ఆ రాత్రి రక్తం కారుతున్న చేతిని చున్నీతో చుట్టుకుని చెల్లెలు వస్తే తలుపు తీసింది నేను. పస లేదట. ఉన్నది ఉన్నట్లు రాయండి, లేదంటే మా అసలు పత్రాలు మాకివ్వండి అన్నాను. అంతే, మీరు పోయి నువ్వు వచ్చింది. "బాకీ కట్టి తీసుకుపో. ఎక్కువ మాట్లాడితే మీవాళ్లు దొంగ కాగితాలు పెడుతున్నారని ఎంబసీకి నేనే రాస్తాను." ఆ దొంగ కాగితాలు తయారుచేసిన పెద్దమనిషి నోటి నుంచే! పక్కన ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్న దంపతులు తల దించుకున్నారు.

తెలిసి కల్పిత ఆధారాలు పెట్టినట్లు తేలితే పోయేది ఈ దరఖాస్తు ఒక్కటే కాదు, అమెరికాలో ఏ వలస ప్రయోజనానికీ ఇక శాశ్వతంగా అర్హత ఉండదని లాయర్ చెప్పారు. ఇదీ ఆ ఏజెంట్ చేకూర్చిన బలం.

ఎఫ్‌ఐఆర్ తీయించడానికంటూ 6,000 గుంజాడు. ఫిర్యాదు చేసినవారికి నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. సున్నితమైన కేసులు కాకపోతే తెలంగాణ పోలీసుల వెబ్‌సైట్‌లోనూ చూడవచ్చు. అనువాదం ప్రతి పేజీకీ నోటరీ ముద్ర, దానికి వేరే లెక్క. నోటరీ అక్కడ అడగనే అడగరు. అనువదించినవారు తమకు రెండు భాషలూ వచ్చని, అనువాదం పూర్తిగా, సరిగా ఉందని రాసి, పేరు, చిరునామా ఇచ్చి సంతకం పెడితే చాలు. ఇప్పుడు ఆ పని మా కాలనీలోని రిటైర్డ్ ఇంగ్లిషు మాస్టారు చేస్తున్నారు. మసకబారిన స్టేషన్ ముద్రను కూడా వదలకుండా, 'ముద్ర, చదవడానికి వీలు లేదు' అని రాస్తున్నారు.

దరఖాస్తుతో నకళ్లు పెడితే సరిపోతుంది, అసలువి ఇంటర్వ్యూకు చూపాలి. కాబట్టి ఏజెంట్‌కు జిరాక్సులే ఇవ్వండి. అనువాదం వచ్చాక తెలుగు ప్రతి పక్కన పెట్టి ఇంగ్లిషు తెలిసినవారితో చదివించండి. మా చెల్లెలి పెళ్లి పత్రం ఇంకా అతని బీరువాలోనే ఉంది. రేపు స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తున్నాను. అతని దగ్గర ఇలాగే పత్రాలు ఇరుక్కున్నవాళ్లు ఉంటే నాతో రండి.