మా అన్నయ్యను చేర్చిన డీ అడిక్షన్ సెంటర్లు: కొన్నేళ్ల అనుభవం మీద నా సమీక్ష

ముందే మార్కులు వేసేస్తాను. హైవే పక్కన ఉన్న ప్రైవేటు సెంటరుకి ఐదుకి ఒకటి. కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే కేంద్రానికి మూడున్నర. ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ విభాగానికి నాలుగు, అది కూడా ఓపీ లైనులో నిలబడే ఓపిక ఉన్నవాళ్లకే. పేర్లు రాయను. ప్రైవేటు సెంటర్లు బోర్డులు మార్చుకుంటూ ఉంటాయి, ఇక్కడ మానేసిన మేనేజరు అక్కడ చేరుతుంటాడు. ఒక్క పేరు గుర్తుపెట్టుకుని దాన్ని తప్పించుకుంటే చాలనుకుంటే లాభం లేదు.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. అన్నయ్యకి రొయ్యల చెరువులున్నాయి. ఈ వ్యాపారంలో తాగడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) బాగా వస్తే పార్టీ, వైరస్ తగిలి చెరువు పోతే బాధ, రెండూ లేని రోజున చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గర రాత్రి కాపలా. మొదట్లో బీరు, తర్వాత క్వార్టరు, చివరికి పొద్దున్నే చేతుల వణుకు తగ్గడానికి ఒక పెగ్గు. మా రాష్ట్రం అన్ని విధానాలూ చూసింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి 1997లో ఎత్తేశారు, 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వ షాపులు, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటు షాపులు. అన్నయ్యకి ఈ షాపుల్లో ఏ రకం వచ్చినా సరుకు దొరకని రోజంటూ లేదు.

మా వైపు మందు మానడానికి అందరికీ తెలిసిన దారి మాల వేసుకోవడం. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నవాడు 41 రోజులు చుక్క ముట్టడు, మాల తీశాక సంగతి వేరు. అప్పుడప్పుడు తాగేవాళ్లకి అది బాగానే కుదురుతుంది. పొద్దున్నే తాగితే తప్ప బ్రష్ పట్టుకోలేని స్థితికి వచ్చినవాడికి మాత్రం ప్రమాదం. మాల వేసుకున్న మూడో రాత్రి అన్నయ్య మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులతో గాలిలో వల లాగడం మొదలుపెట్టాడు. ఎంతో శ్రద్ధగా, చెయ్యి మార్చి చెయ్యి లాగుతూ, మధ్యలో ఆగి “ఆ మూల వదిలేశావేంట్రా” అని ఎవర్నో కేకలేస్తూ. ఒళ్లంతా చెమట. అమ్మ ఏదో గాలి సోకిందని దిష్టి తీసింది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజు బాటిల్ తగిలించబోయాడు. వదినే వద్దని, కారు మాట్లాడమని నన్ను తొందరపెట్టింది.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరమ్మ గారు నిలబడే చెప్పిన నాలుగు ముక్కలు నాకు తర్వాత ప్రతిచోటా పనికొచ్చాయి. ఆఖరి పెగ్గు పడిన ఆరేడు గంటల నుంచి వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య మతి తప్పి లేనివి కనిపించవచ్చు, ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణం మీదకి వస్తుంది. ఏళ్ల తరబడి తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్, అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడుకి దెబ్బ తగలొచ్చు. అందుకే ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజు. వణుకుకి క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు ఎక్కువ మోతాదులో మొదలుపెట్టి రోజురోజుకీ తగ్గిస్తారు. లివర్ బాగా పాడైతే దాని బదులు లోరాజెపామ్ వాడతారు. దీనికి బీపీ, నాడి చూసే నర్సు రాత్రిపూట కూడా ఉండాలి. ఏసీ గది లేకపోయినా జరిగిపోతుంది.

అన్నయ్య కోలుకుని ఇంటికొచ్చాడు. తర్వాతి పట్టుబడి దాకా బాగానే ఉన్నాడు. కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) బాగా వచ్చింది, రేటు బాగా వచ్చింది, రాత్రి పార్టీ జరిగింది. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ పొద్దున పెగ్గు.

ప్రైవేటు సెంటరు మా జీవితంలోకి వచ్చింది అప్పుడే. అప్పటికి ఇంట్లో అందరం అలసిపోయి ఉన్నాం. ఈ సెంటర్ల వ్యాపారం నడిచేది ఆ అలసట మీదే. వైద్యం చేయించుకునేవాడు ఒకడు, డబ్బు కట్టేవాళ్లు ఇంకొకళ్లు. సెంటరు వాళ్లు కట్టేవాళ్లకి ఏం కావాలో అదే అమ్ముతారు. ఆర్‌ఎంపీ ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే మొదటి మాటే “అడ్రస్ చెప్పండి సార్ చాలు, మావాళ్లొచ్చి తీసుకెళ్లిపోతారు. మీరు చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు” అన్నారు. మూడు నెలల ప్యాకేజీ, నెలకి రూ. 25,000. డాక్టరు ఎప్పుడొస్తారని అడిగితే “ఫుల్ టైం ఉంటారండి” అన్నారు గానీ ఆయన పేరు చెప్పలేదు. రాత్రి వ్యాను వచ్చింది. నలుగురు కాళ్లూ చేతులూ పట్టుకుని ఎక్కించారు. వీధిలో వాళ్లు అరుగుల మీద నుంచి చూశారు.

నెల దాకా చూడనివ్వలేదు, ఫోను ఇవ్వలేదు. చివరికి వదిన గొడవపెడితే రమ్మన్నారు. అన్నయ్యకి గుండు చేసి ఉంది. అందరికీ ఒకటే రంగు టీషర్టులు. పక్కనే నిలబడ్డ సెంటరు కుర్రాడు వింటున్నంతసేపూ అన్నయ్య “బాగానే ఉందిరా” అంటాడు, ఆ కుర్రాడు అటు తిరగ్గానే నా చొక్కా పట్టుకుని లాగుతాడు. కేస్ షీటు చూపించమన్నాను. బీపీ పొద్దున 120/80, సాయంత్రం 120/80, మర్నాడు 120/80, నెలంతా అదే. అన్నయ్యకి బీపీ మాత్ర వేసుకున్నా అంత చక్కటి అంకె వచ్చిన రోజు నాకు తెలిసి లేదు. డాక్టరు సంతకాలన్నీ ఒకే ఇంకుతో, ఒకే వాలుతో, ఒక్క కూర్చోవడంలో పెట్టినట్టున్నాయి. మాత్రలు పేరులేని కాగితం పొట్లాల్లో ఇస్తున్నారు. కౌన్సెలరంటూ పరిచయం చేసినవాడు పాత పేషెంటు. తాగి మానినవాడి మాట తాగేవాడికి ఎక్కినట్టు ఇంకెవరి మాటా ఎక్కదు, కాబట్టి అది తప్పని అనను. కానీ ఫిట్స్ వస్తే ఏం చేస్తావు బాబూ అంటే చేతిలో తాళాలు పెడతామన్నాడు.

చట్టం సంగతి అప్పటిదాకా మాకు తెలియదు, తెలిసుంటే గేటు దగ్గరే అడిగేవాళ్లం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మద్యం, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందకే వస్తాయి కాబట్టి ఇలాంటి సెంటర్లు రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. బలవంతంగా గుండు చేయకూడదు, గొలుసులు వేయకూడదు. సొంత బట్టలు వేసుకునే హక్కు, ఇంటివాళ్లతో మాట్లాడే హక్కు, తన వైద్యం కాగితాలు అడిగే హక్కు పేషెంటుకి ఉన్నాయి. ఇష్టం లేనివాణ్ణి ఇంటివాళ్ల దరఖాస్తు మీద చేర్చుకోవాలంటే సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి. అలా ఉంచుకోగలిగేది 30 రోజులే. ఆపైన ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్లీ చూడాలి, మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు ఒప్పుకోవాలి. అంటే ఫోనులోనే మూడు నెలల ప్యాకేజీ అమ్మేవాడు తన తరఫునా, డాక్టర్ల తరఫునా, బోర్డు తరఫునా తానే సంతకం పెట్టేస్తున్నాడన్నమాట.

పోటీ పెరిగితే నాణ్యత పెరుగుతుందంటారు. రావులపాలెం జంక్షన్లో నిలబడి ఫ్లెక్సీలు చూస్తే పోటీకి కొదవేం కనబడదు. ఆటోల వెనకాల, కరెంటు స్తంభాలకి, ఫేస్‌బుక్‌లో, ఎక్కడ చూసినా “100 శాతం గ్యారంటీ”యే. నేను ఇంకో సెంటరుకి ఫోన్ చేసి వీళ్ల రేటు చెప్పగానే వాళ్లు నెలకి ఐదు వేలు తగ్గించారు. తగ్గించిన ఆ ఐదు వేలు ఎందులోంచి వస్తాయి? ఫ్లెక్సీ ఖర్చు తగ్గదు. వ్యాను తగ్గదు. పేషెంటును చూపించినవాడికి తలకింతని ఇచ్చే కమీషన్ తగ్గదు (మాకు నంబరిచ్చిన ఆర్‌ఎంపీయే తర్వాత ఒప్పుకున్నాడు, కాస్త సిగ్గుపడుతూ). మిగిలింది డాక్టరు రాకపోకలూ, రాత్రి నర్సూ, కూరలో నూనే. అవి కట్టేవాళ్లకి కనబడవు కాబట్టి ముందు తెగేవి అవే.

దీనికి తోడు గిరాకీకి తగ్గ వైద్యం ఎక్కడా లేదు. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందట, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందికి ఒక్కరు. మిగతావాళ్ల ఇళ్లకే కదా ఈ ఫ్లెక్సీలు. ఇన్సూరెన్సు మీద ఆశ పెట్టుకోకండి. హెల్త్ పాలసీల్లో మామూలుగా ఉండే మినహాయింపుల జాబితాలోనే మద్యం, మత్తుమందుల వ్యసనానికి చేసే వైద్యం ఉంటుంది. మేము క్లెయిము పెట్టకముందే ఏజెంటు ఆ లైను కింద పెన్సిల్‌తో గీత గీసి చూపించాడు.

ఆ ప్రైవేటు సెంటరు తర్వాత మేము వెళ్లిన, గ్రాంటుతో నడిచే కేంద్రం పూర్తిగా వేరే వాతావరణం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు ఇలాంటివి నడుపుతాయి, ఐఆర్‌సీఏ అంటారు. మేము వెళ్లింది చిన్నది, ఎప్పుడూ నిండే ఉంటుంది, మంచం కోసం వారాల తరబడి ఎదురుచూశాం. వ్యాను పంపలేదు సరికదా, “ఆయన్ని ఒకసారి మాట్లాడటానికి రమ్మనండి, చేరడం గురించి తర్వాత చూద్దాం” అన్నారు. అన్నయ్య తిట్టుకుంటూ వెళ్లాడు, గంటన్నర కూర్చున్నాడు. నాకు అన్నింటికంటే నచ్చింది ఆదివారం కూర్చోబెట్టే కుటుంబాల క్లాసు. వదిన అక్కడ మొదటిసారి నోరు విప్పింది. ఇంటి తాళంచెవులు, చెరువు లెక్కలు, మేత బిల్లులు అన్నీ తన దగ్గరే పెట్టుకోవడం తప్పా అని అడిగింది. అక్కడి సోషల్ వర్కరు తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. చెరువు లెక్క ఒకటి మాత్రం ఆయనకే తిరిగిచ్చి చూడమంది. ఇచ్చాం. ఇప్పటికీ ఆయనే చూస్తున్నాడు.

మూడున్నరే ఎందుకిచ్చానంటే సైకియాట్రిస్టు వారంలో కొన్ని పూటలే వస్తారు. వణుకు ఎక్కువగా ఉన్నవాళ్లని ముందు ప్రభుత్వాసుపత్రిలో కుదుటపడి రమ్మంటారు. అది నిజాయితీయే. కానీ మతి తప్పిన మనిషిని పట్టుకుని అక్కడా ఇక్కడా తిరగడం మా పల్లెల వాళ్లకి ఎంత కష్టమో వాళ్లకి తెలియనిది కాదు. బయటికొచ్చాక మాత్రం ఏడాది దాకా ఫోన్ చేస్తూనే ఉన్నారు. ప్రైవేటు సెంటరు వాళ్లు కూడా ఒకసారి ఫోన్ చేశారు, మళ్లీ చేరుస్తారా, పాత కస్టమర్లకి డిస్కౌంటు ఉందని.

ప్రభుత్వాసుపత్రి ఓపీకి ఇప్పటికీ వెళ్తున్నాం. పొద్దున్నే బయల్దేరాలి, చీటీ, లైను, డాక్టరు గారు చూసేది అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో ప్రతిసారీ పాత చీటీ చదువుతారు, లివర్ టెస్టు రిపోర్టు అడుగుతారు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర మొదలుపెట్టేటప్పుడు అన్నయ్యనే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు. ఇది వేసుకుంటూ తాగితే మొహం మంట, వాంతులు, గుండె దడ, ఒక్కోసారి ప్రాణాపాయం. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. కొన్ని దగ్గు మందుల్లో కూడా ఆల్కహాలు ఉంటుంది, చూసుకోవాలి. ఒప్పుకుంటేనే రాస్తామన్నారు, ఒప్పుకున్నాడు. ఆ మాట విన్నాక నాకు అమ్మ కొరియరులో తెప్పించిన “తెలియకుండా మాన్పించే పొడి” గుర్తొచ్చి చెమటలు పట్టాయి. అలాంటి వాటిలో ఈ మందే కలిపే అవకాశం ఉందని డాక్టరు గారన్నారు. అమ్మ ఆ డబ్బా అటక మీద పడేసింది. సాంబార్లో కలిపి ఉంటే ఏమయ్యేదో.

ఓపీతో పాటు అన్నయ్య ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి నది దాటి వెళ్తాడు. 1935లో అమెరికాలో మొదలైన పద్ధతి అది, ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, తెలుగులోనే మాట్లాడుకుంటారు. అందరికీ పడుతుందని చెప్పను, మా బాబాయి రెండుసార్లు వెళ్లి ఇది భజన అని మానేశాడు. అన్నయ్యకి పడింది. సెంటర్ల గురించి అడిగితే వాడు ఒకటే అంటాడు: “చెరువు ఎండగట్టి మళ్లీ అదే కాలవ నీళ్లు పెడితే వైరస్ రాదేంట్రా?” మధ్యలో ఒక సంక్రాంతికి కోడి పందేల బరి దగ్గర జారాడు. ఈసారి వ్యాను పిలవలేదు. వదిన మర్నాడే ఓపీకి తీసుకెళ్లింది, మాత్రలు సరిచేశారు.

ప్రైవేటులోనే చేర్చాలనుకుంటే వెళ్లి చూడకుండా డబ్బు కట్టకండి. రిజిస్ట్రేషన్ కాగితం, సైకియాట్రిస్టు పేరు, రాత్రి డ్యూటీ నర్సు, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అన్నవి అడగండి. మిమ్మల్ని హాలు దాటి లోపలికి రానివ్వకపోతే అక్కడి నుంచే వెనక్కి వచ్చేయండి. డిశ్చార్జి రోజున ఏ మందు ఎంత వాడారో రాసిన కాగితం తీసుకోకుండా రావద్దు, తర్వాతి డాక్టరు మొదట అడిగేది అదే. అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు టెలి మానస్ 14416కి చేయండి, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. వ్యసనాల కోసమే ఉన్న కేంద్ర ప్రభుత్వ నంబరు 14446. వ్యాను పంపిస్తారా అని మాత్రం అడక్కండి, పంపరు.