స్పీకర్ల గుట్టు విప్పే పాత రాక్ ఆల్బమ్‌లు: ఏం వినాలి, ఏ ప్రతి కొనాలి

హైదరాబాద్‌లో ఆడియో షాపుకి వెళ్ళి స్పీకర్లు వినిపించమంటే చాలాచోట్ల ముందుగా వేసేది ఈగల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’. 1976 నాటి స్టూడియో పాట కాదు, 1994లో వచ్చిన ‘హెల్ ఫ్రీజెస్ ఓవర్’లోని లైవ్ పాట. గిటార్లు నెమ్మదిగా మొదలవుతాయి, జనం చప్పట్లు వినిపిస్తాయి, ఆ తర్వాత నేల అడుగు నుంచి లేచినట్టు డ్రమ్ దెబ్బ. ఆ దెబ్బకి కుర్చీ అదిరిందంటే బేరం సగం కుదిరినట్టే. రికార్డింగ్‌కి వంక పెట్టలేం. చిక్కల్లా అది మామూలు స్పీకర్ మీద కూడా బ్రహ్మాండంగా ఉండటమే. ఇక్కడ చెప్పే ఆల్బమ్‌లు అంత దయ చూపవు. లోపం స్పీకర్లో ఉన్నా, గదిలో ఉన్నా, కొన్న ప్రతిలో ఉన్నా బయటపెట్టేస్తాయి.

ఈ మూడింటిలో ఎక్కువమంది వదిలేసేది ప్రతి సంగతే. వేలకు వేలు పోసి ఆంప్లిఫయర్ మారుస్తారు గానీ, ఒకే ఆల్బమ్‌కి మూడు నాలుగు రకాల మాస్టరింగ్‌లు (పూర్తయిన పాటని సీడీకో ఎల్పీకో సిద్ధం చేసే ఆఖరి పని) ఉంటాయనీ, వాటి మధ్య తేడా రెండు మంచి ఆంప్లిఫయర్ల మధ్య తేడా కన్నా పెద్దదనీ గమనించరు. 1990ల నుంచి చాలా రీమాస్టర్లలో మెల్లగా ఉన్న చోట్లని పైకి లేపి, డ్రమ్ దెబ్బల కొసలు కోసేసి, మొత్తం పాటని ఒకే ఎత్తున గట్టిగా చేశారు. మొదటి ఐదు నిమిషాలూ హుషారుగా ఉంటుంది. అరగంటకి చెవి అలసిపోతుంది. మేడిపండు వ్యవహారం.

మొదట స్టీలీ డాన్ ‘ఏజా’, 1977. ఒక్క ఆల్బమే కొనగలిగితే ఇదే కొనండి. రోజర్ నికల్స్, ఎలియట్ షైనర్, అల్ ష్మిట్, బిల్ ష్నీ కలిసి చేసిన ఈ రికార్డింగ్‌కి ఆ ఏటి ఉత్తమ ఇంజనీరింగ్ గ్రామీ వచ్చింది. టైటిల్ పాట దాదాపు ఎనిమిది నిమిషాలు. సగం దాటాక వేన్ షార్టర్ శాక్సఫోన్ అందుకుంటాడు, కింద స్టీవ్ గాడ్ డ్రమ్స్ దానితో మాట్లాడుతుంటాయి. ఇక్కడ మూడు సంగతులు పట్టి చూడాలి. ఒకటి, కంచు పళ్ళెం మీద కర్ర తగిలిన ‘టిక్’, ఆ తర్వాత సాగే మోత వేర్వేరుగా వినపడాలి. రెండూ కలిసిపోయి ‘స్‌స్‌స్’ అని బుసకొడితే ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) బాగోలేదు, లేదా వింటున్నది తక్కువ బిట్‌రేటు ఎంపీ3. రెండు, ప్రతి డ్రమ్‌కీ తన శ్రుతి తనకుండాలి. మృదంగం ఎడమ మూత మీద గుమికి దగ్గర కూర్చుని విన్న చెవికి ఇది వెంటనే తెలుస్తుంది: తోలు సాగి, మళ్ళీ బిగిసినట్టు ఉండాలి, ఉత్త ‘ధబ్’ కాదు. మూడు, చక్ రైనీ బేస్ గిటార్లో స్వరాలన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో నడవాలి. ఒక్క స్వరం మాత్రం గదంతా నిండిపోతుంటే తప్పు ఆల్బమ్‌ది కాదు, గదిది.

‘పెగ్’ పాట మనుషుల గొంతుకి పరీక్ష. వెనుక మైకేల్ మెక్‌డొనాల్డ్ తన గొంతునే పొరలు పొరలుగా పేర్చి పాడాడు. స్పీకర్ల మధ్య దూరం, మీ కుర్చీకి వాటి దూరం సమానంగా ఉంటే ఆ పొరలు విడివిడిగా వినిపిస్తాయి. లేదంటే ఒక ముద్దగా మిగులుతాయి. ఈ ఆల్బమ్ మరీ నున్నగా, పొడిగా ఉంటుందనే ఫిర్యాదు ఉంది, అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ పరికరాన్ని పరీక్షించడానికి ఆ పొడిదనమే కావాలి.

‘ఏజా’ విషయంలో ప్రతి ఎంచుకోవడం కొంత తేలిక. టైటిల్ పాట, ‘బ్లాక్ కౌ’ల మల్టీట్రాక్ టేపులు (ఒక్కో వాయిద్యం విడివిడిగా ఉన్న అసలు టేపులు) కనిపించడం లేదని 1999 రీమాస్టర్‌తో వచ్చిన పుస్తకంలో బ్యాండు వాళ్ళే రాశారు, తెచ్చిస్తే బహుమతి ఇస్తామన్నారు కూడా. ఆ రెండూ లేకుండా ఆల్బమ్ మొత్తాన్ని మళ్ళీ మిక్స్ చేయడం కుదరదు. కాబట్టి పాత స్టీరియో మిక్స్ నుంచి నేరుగా, శబ్దం పెంచకుండా తీసిన ప్రతి ఏదైనా చాలు. అదనంగా డబ్బు పోయాల్సిన పని లేదు.

డైర్ స్ట్రెయిట్స్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ (1985) కథ వేరు. మాంట్‌సెరాట్ దీవిలోని ఎయిర్ స్టూడియోలో, నీల్ డార్ఫ్స్‌మన్ ఇంజనీరుగా, సోనీ 24 ట్రాకుల డిజిటల్ టేపు మీద ఎక్కించారు. పది లక్షల ప్రతులు అమ్ముడైన మొదటి సీడీ ఇదే. ఇక్కడ ఎల్పీ మోజు పనికిరాదు. అప్పటి ఒంటి ఎల్పీలో పట్టడానికి పాటలు కత్తిరించారు: సీడీలో ఎనిమిదిన్నర నిమిషాలున్న ‘వై వర్రీ’ ఎల్పీలో ఐదు నిమిషాల పైచిలుకే, ‘మనీ ఫర్ నథింగ్’ కూడా నిమిషానికి పైగా తగ్గింది. ఎల్పీయే కావాలంటే తర్వాత వచ్చిన రెండు డిస్కుల సెట్టు తీసుకోండి, పూర్తి నిడివి అందులో ఉంటుంది. ఇంకో మాట. ఆ డిజిటల్ టేపు 16 బిట్ యంత్రం మీదిది. దీన్నే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైలుగా రెట్టింపు ధరకి కొంటే టేపులో లేనిది కొత్తగా ఏమీ రాదు. 1980ల నాటి సీడీ పాత సరుకులో శుభ్రంగా దొరికితే అదే మేలు. సరౌండ్ సిస్టమ్ ఉన్నవాళ్ళు మాత్రం 2005 ఎస్‌ఏసీడీ (సరౌండ్ శబ్దం కూడా పట్టే సీడీ రకం) కోసం వెతకాలి. చక్ ఎయిన్లీ చేసిన ఆ 5.1 మిక్స్‌కి గ్రామీ వచ్చింది, వింటే ఎందుకో తెలుస్తుంది.

ఏం వినాలి? ‘రైడ్ అక్రాస్ ద రివర్’. రాత్రిపూట చెరువు గట్టున కూర్చున్నట్టు చిన్న చిన్న చప్పుళ్ళు నలువైపులా ఉంటాయి. ఆ చప్పుళ్ళని మొదట మింగేసేది మన ఇళ్ళలో సీలింగ్ ఫ్యాన్. దాని హోరు సన్నటి ప్రతిధ్వని తోకల్ని కప్పేస్తుంది. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోమనడం అన్యాయమే కాబట్టి, పరీక్షగా వినే పని తెల్లవారుజామున ఐదు, ఆరు గంటల మధ్య పెట్టుకోండి. అప్పటికి రోడ్డు మీద రద్దీ కూడా మొదలవదు.

పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ (1973) గురించి వినని వాళ్ళుండరు గనక క్లుప్తంగా. ఆబీ రోడ్‌లో అలాన్ పార్సన్స్ ఇంజనీరింగ్. మొదట్లో వినిపించే గుండె చప్పుడు నిజానికి మార్పులు చేసిన బేస్ డ్రమ్. అది వినిపించడం కన్నా ఎక్కువగా తెలియాలి. ‘టైమ్’లో గడియారాలు ఒక్కసారిగా మోగినప్పుడు ప్రతి గంటనీ వేలుపెట్టి చూపించగలగాలి, ఎందుకంటే పార్సన్స్ వాటిని ఒక గడియారాల దుకాణంలో విడివిడిగా రికార్డు చేశాడు. అందరూ వాల్యూమ్ అక్కడ తగ్గించేస్తారు. అసలు సొగసు ఆ తర్వాతి రెండు నిమిషాల్లో, మెల్లగా నడిచే రోటోటామ్‌లలో (శ్రుతి మార్చుకోగల చిన్న డ్రమ్స్) ఉంది. ఎల్పీలో మొదటి వైపు చివరి పాట క్లేర్ టోరీ గొంతు చించుకుని పాడేది. డిస్కు లోపలికి వెళ్ళేకొద్దీ గాడి వేగం తగ్గుతుంది కాబట్టి, సూది అమరిక కాస్త తప్పినా అక్కడ గొంతు చిరిగిపోతుంది. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్‌కి (సూదిని పట్టుకునే భాగం) 2 గ్రాముల బరువు పెట్టి, ప్రొట్రాక్టర్ అనే కొలత పలకతో అమరిక సరిచేసి మళ్ళీ వినండి. అప్పటికీ చిరిగితే డిస్కే అరిగిపోయింది.

గ్రామోఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ముద్రించిన పాత ప్రతులు అమ్మకానికి కనిపిస్తే ఎండలోకి తెచ్చి ఏటవాలుగా పట్టి చూడండి. గోరుకి తగిలే గీత ఉంటే వదిలేయండి. తెల్లటి బూజు మాత్రం కడిగితే పోతుంది: డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్, మెత్తటి బ్రష్, గాడి వెంట గుండ్రంగా, లేబుల్ తడవకుండా, ఆఖర్న ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి. బోరు నీళ్ళు వద్దు, ఆరాక ఉప్పు గాడిలో మిగిలి చిటపటలాడుతుంది.

ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’ (1977)లో తప్పక వినాల్సింది ‘సాంగ్‌బర్డ్’. మిగతా ఆల్బమ్‌లా కాకుండా దీన్ని బర్క్‌లీలోని జెల్లర్‌బాక్ ఆడిటోరియంలో ఎక్కించారు. పియానో చుట్టూ ఖాళీ హాలు వినపడాలి. టర్న్‌టేబుల్ వేగానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు: పియానో స్వరం సాగదీసినప్పుడు వణికితే బెల్టు వదులైంది, లేదా డిస్కు రంధ్రం నడిమధ్యన లేదు. ఇదే ఆల్బమ్‌లో ఓవర్‌డబ్‌ల (ఉన్నదాని మీద మరిన్ని గొంతులు, వాయిద్యాలు చేర్చడం) కోసం టేపు పదేపదే తిరిగి డ్రమ్స్ మెరుపు తగ్గిపోతే, ముందుగా తీసిపెట్టుకున్న కాపీ నుంచి మొదటి తరం డ్రమ్స్‌ని చేత్తో వేగం సరిచూసుకుంటూ జత చేశారు. ఆ శ్రమ వృథా కాకూడదనుకుంటే స్టీవ్ హాఫ్‌మన్, కెవిన్ గ్రే మాస్టర్ డిస్కు కోసిన 2011 నాటి, నిమిషానికి 45 చుట్లు తిరిగే రెండు ఎల్పీల సెట్టు ఉంది. ఖరీదైనదే గానీ ఈ జాబితాలో అంత డబ్బు పెట్టదగిన ఎల్పీ ఇదొక్కటే.

రాక్సీ మ్యూజిక్ ‘అవలాన్’ (1982) బాబ్ క్లియర్‌మౌంటెన్ మిక్స్, పొగమంచులా పరుచుకునే శబ్దం, హెడ్‌ఫోన్స్‌లో అద్భుతం. లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్ (1971) చివరి పాట కేవలం డ్రమ్స్ కోసం: హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవంతిలో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీశారు. డ్రమ్ దెబ్బతో పాటు ఆ మెట్ల ఎత్తు కూడా వినిపించాలి.

మన ఫ్లాట్లలో ఆ ఎత్తు వినిపించకపోవడానికి కారణం విట్రిఫైడ్ టైల్స్, ఉత్త గోడలు. హాల్లో చప్పట్లు కొట్టి చూడండి. ‘టింగ్’ మని లోహం మోగినట్టు తిరిగొస్తే, స్పీకర్లకీ కుర్చీకీ మధ్య వరంగల్ జంపఖానా రెండు మడతలు వేసి పరవండి. పై స్థాయి శబ్దాల మిడిసిపాటు తగ్గుతుంది. బేస్‌కి అది పనిచేయదు. 12 అడుగుల గది 47 హెర్ట్జ్ దగ్గర సహజంగానే మోగుతుంది, బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ నుంచి మొదలవుతుంది, అంటే దాని స్వరాలు కొన్ని ఆ మోతలోనే పడతాయి. కాబట్టి స్పీకర్లని మూల నుంచి లాగి, గోడకి అడుగున్నర దూరం పెట్టి, అరడుగు చొప్పున జరుపుతూ ‘ఏజా’ బేస్ వినండి.

ఫోన్లో వినేవాళ్ళకి: ఆపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ (శబ్దం చుట్టూ ఉన్నట్టు వినిపించే పద్ధతి) ‘ఆటోమేటిక్’లో ఉంటే, అట్మాస్ మిక్స్ ఉన్న ఆల్బమ్‌కి మీరు వినేది అప్పటి మిక్స్ కాదు, ఈమధ్య చేసినది. సెట్టింగ్స్‌లో ఆపేసి, లాస్‌లెస్ (నాణ్యత తగ్గించని ఫైలు) పెట్టుకోండి. రెండు ప్రతుల్ని పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానం చేయకపోతే పోలిక చెల్లదు, ఒక్క డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మంచిదనిపిస్తుంది. ఫైలుని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఇంకా తేలిక: శబ్దం బొమ్మలో కొసలు రంపం పళ్ళలా ఎగుడుదిగుడుగా ఉంటే కొనండి, ఇటుక గోడలా చదునుగా ఉంటే వదిలేయండి.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే టర్న్‌టేబుల్ విషయంలో మాత్రం జాగ్రత్త. పాత ఏసీ మోటారు మోడళ్ళు అక్కడి 60 హెర్ట్జ్‌కి చేసినవి. 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని కాదు. మన 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 33⅓ బదులు 28కి కాస్త తక్కువ చుట్లు తిరుగుతుంది, ‘సాంగ్‌బర్డ్’ మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోతుంది. 50 హెర్ట్జ్ పుల్లీ దొరుకుతుందని తేల్చుకున్నాకే తెప్పించుకోండి, లేదా డీసీ మోటారు మోడల్ అడగండి.