చైనాతో వ్యాపారం: తలుపు తీయాలా, గడియ వేయాలా?

భీమవరం చెరువు గట్టు మీద నిలబడితే ఇది ఢిల్లీ ప్రశ్న మాత్రమే అనిపించదు. మన రొయ్యకు అమెరికా తర్వాత పెద్ద గిరాకీ చైనాదే.

ఖర్చు: తలుపు తీస్తే మందుల ముడిసరుకు, ఎలక్ట్రానిక్ విడిభాగాలు చవక. కానీ 2023-24లో మనం కొన్నది 100 బిలియన్ డాలర్లు దాటింది, అమ్మింది 17 బిలియన్ల లోపే. గడియ వేస్తే అవన్నీ ఇక్కడే తయారుచేసుకోవాలి, ఏళ్లు పడుతుంది.

శ్రమ: తీయడం తేలిక, కాపలా కష్టం. సరిహద్దు దేశాల పెట్టుబడులకు 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు.

ముప్పు: నా భయమంతా ఇక్కడే. 2020లో ప్యాకింగ్‌పై కరోనా ఆనవాళ్లున్నాయంటూ చైనా మన ఎగుమతి సంస్థలు కొన్నింటిని ఆపేసింది. పట్టుబడికొచ్చిన రొయ్యను ఎన్నాళ్లు ఆపగలం? రాత్రంతా ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిరగాలి, మేత పడాలి, తెల్లమచ్చల వ్యాధి ఏ పూట తగులుతుందో తెలియదు. అలాగని 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు గట్టు మీద గుబులు తక్కువేమీ కాదు.

అందుకే రొయ్యలాంటి సరుకు అమ్ముకోవడానికైతే తలుపు తీయడమే మేలు. టెలికాం, విద్యుత్తు, ఓడరేవుల దగ్గర మాత్రం గడియ ఉండాలి. శ్రీలంక హంబన్‌టోట రేవును 2017లో చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చేసింది.