ఇంటర్మీడియట్ చెల్లో వాళ్ళకి ఐఎమ్ఎస్ఎల్‌పీ: డ్యూయెట్ల కోసమైనా ఒకసారి వెతకండి

చెల్లోలో (వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాయిద్యం) మొదటి పుస్తకాలు అయిపోయి, చెయ్యి నాలుగో పొజిషన్ (తీగ మీద ఇంకాస్త పై స్వరాలు అందే చోటు) దాకా ధైర్యంగా వెళ్తూ, టెనర్ క్లెఫ్ (చెల్లో పై స్వరాలు రాయడానికి వాడే గుర్తు) ఇప్పుడిప్పుడే అలవాటవుతున్న వాళ్ళకి వాయించడానికి మనసుకి నచ్చినవి దొరకడమే పెద్ద కష్టం. చిన్నపిల్లల ట్యూన్లు బోర్ కొట్టేస్తాయి, ద్వోర్జాక్ కాన్సర్టో ఏమో ఇంకా అందదు. అలా మధ్యలో ఉన్నవాళ్ళకి ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే షీట్ మ్యూజిక్ వెబ్‌సైట్ ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నా, ముఖ్యంగా డ్యూయెట్ల గురించి, ఎందుకంటే ఈ స్టేజిలో శ్రుతి గానీ లయ గానీ కుదరాలంటే పక్కన ఇంకొకరు వాయిస్తుంటే వచ్చే మెరుగు ఒంటరి ప్రాక్టీసులో రాదని నా గట్టి నమ్మకం.

తెలియనివాళ్ళకి: ఇది కాపీరైట్ అయిపోయిన షీట్ మ్యూజిక్ స్కాన్లు పెట్టే ఫ్రీ ఆన్‌లైన్ లైబ్రరీ, 2006లో మొదలైంది. పెట్రూచ్చి లైబ్రరీ అని కూడా అంటారు, 1501లో వెనిస్‌లో సంగీతం అచ్చేసిన ఆయన పేరు అది. 2007 అక్టోబర్‌లో ఒక యూరప్ పబ్లిషర్ లీగల్ నోటీసుతో మూతపడి 2008 జూన్ ఆఖర్లో మళ్ళీ తెరుచుకుంది. మెంబర్‌షిప్ లేకపోతే డౌన్‌లోడ్‌కి ముందు కొన్ని సెకన్లు ఆగాలి, అంతే. 5కి 4 ఇస్తా.

ఆ తగ్గించిన ఒక్క మార్కు ఎందుకంటే, ఇక్కడ ఏది తేలిక ఏది కష్టం అని చెప్పే లెవెల్స్ ఉండవు. సెర్చ్ బాక్సులో ఉత్తినే చెల్లో అని కొడితే సముద్రమే. దానికంటే వాయిద్యాల వారీగా ఉన్న కేటగిరీల్లోకి వెళ్ళండి, "2 చెల్లోలకి", "వయొలిన్, చెల్లోకి" అని విడివిడిగా ఉంటాయి. చాలామంది ఈ రెండూ చూసి ఆగిపోతారు కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మూడోది, "చెల్లో, కంటిన్యువో" అనే కేటగిరీ. 18వ శతాబ్దం సొనాటాల్లో పైన చెల్లో లైను, కింద తోడుగా బేస్ లైను (అదే కంటిన్యువో), అంతే రాసేవాళ్ళు, ఆ బేస్ లైన్ని ఇంకో చెల్లో మీద వాయిస్తే అదే డ్యూయెట్ అయిపోతుంది, పియానో వాయించేవాళ్ళ కోసం ఎదురుచూడక్కర్లేదు. వివాల్డి ఈ మైనర్ సొనాటా, అదే ఆర్‌వీ 40 (వివాల్డి రచనల జాబితాలో నంబరు), ఇలా వాయించి చూడండి, మొదటి లార్గోలో (నిదానంగా సాగే భాగం) కింద బేస్ మెల్లగా నడుస్తుంటే పైన పాట ఎంత బరువుగా పలుకుతుందో పియానోతో అంత తెలియదు. మార్చెల్లో సొనాటాలూ అంతే. బ్రెవాల్ సీ మేజర్ సొనాటా, ఓపస్ 40లో మొదటిది (ఓపస్ అంటే రచయిత రచనలకి ఇచ్చే నంబరు), అందరూ పరీక్షల కోసమో క్లాసు కోసమో పియానోతో వాయిస్తారు కానీ అసలు రాసింది చెల్లోకి, బేస్‌కి. టీచరు కింద లైను వాయిస్తే స్టూడెంటు పైది, మర్నాడు తారుమారు.

ఇక అసలైన నిధి ఆఫెన్‌బాఖ్. క్యాన్‌క్యాన్ డాన్సు ట్యూన్ రాసినాయనగానే అందరికీ తెలుసు, కానీ ఆయన ముందు చెల్లిస్టు, 14 ఏళ్ళకే పారిస్ కన్జర్వేటరీలో చేరి, ఏడాదికే బయటికొచ్చేసి థియేటర్ ఆర్కెస్ట్రాల్లో వాయించి బతికాడు. రెండు చెల్లోల కోసం ఓపస్ 49 నుంచి 54 దాకా ఆరు పుస్తకాలు రాశాడు, ఒకదాని తర్వాత ఒకటి కష్టం పెరుగుతూ పోతుంది. సైట్‌లో లెవెల్స్ లేని లోటు ఇక్కడ రచయితే తీర్చేశాడన్నమాట. 49 తేలిక, వారం పది రోజుల్లో సరదాగా అయిపోతుంది, 50, 51 మాత్రం సరిగ్గా మనకోసమే రాసినట్టుంటాయి, 54 పెద్దవాళ్ళకి, అది కొన్నాళ్ళు పక్కన పెట్టండి. నాకు ఇందులో బాగా నచ్చేదేంటంటే రెండో చెల్లో ఎప్పుడూ పనివాడిలా ఉండిపోదు, పాట ఇటునుంచి అటు మారుతూనే ఉంటుంది, ఇద్దరిలో ఎవరికీ నాది చిన్న పార్టు అనిపించదు. ఎదుటివాళ్ళు పాట తీసుకోగానే మన సౌండ్ తగ్గించి చోటివ్వడం, మళ్ళీ మన వంతు రాగానే బో (కమాను) బరువు పెంచడం, ఇది ఎన్ని ఎక్సర్‌సైజులు చేసినా రాదు, ఇవి వాయిస్తే దానంతటదే వస్తుంది.

ఇంకొంచెం ఎక్కువ సవాలు కావాలంటే బారియేర్ అనే ఫ్రెంచ్ చెల్లిస్టు రాసిన జీ మేజర్ సొనాటా, రెండు చెల్లోలకి. మధ్యలో వచ్చే అడాజియో అనే నిదానమైన భాగం ఇంటర్మీడియట్ వాళ్ళు హాయిగా వాయించొచ్చు, చివరి మూవ్‌మెంట్ మాత్రం పరుగే పరుగు, టెంపో సగానికి తగ్గించి మొదలుపెట్టండి, అలా వాయించినా అందంగానే ఉంటుంది. మోట్సార్ట్ కె. 292 బీ ఫ్లాట్ సొనాటా కూడా చూడండి, అది బసూన్, చెల్లోల పేరుతో ఉంటుంది కాబట్టి రెండు చెల్లోల లిస్టులో వెతికితే కనపడకపోవచ్చు, కానీ బసూన్ రేంజి చెల్లోకి చక్కగా సరిపోతుంది. ఏ రచన పేజీకి వెళ్ళినా కింద అరేంజ్‌మెంట్స్ (వేరే వాయిద్యాలకి మార్చి రాసినవి) ట్యాబ్ ఒకసారి నొక్కండి, చాలామంది దాన్ని చూడనే చూడరు. వయొలిన్ ఫ్రెండ్ ఉంటే గ్లియేర్ ఓపస్ 39, ఎనిమిది చిన్న పీసులు, అందులో జోలపాట ఒక్కటి చాలు ఆ సాయంత్రానికి.

ఒంటరిగా, లేదా పియానోతో వాయించుకునేవి త్వరగా చెప్పేస్తా. సాన్ సాన్స్ "హంస" అందరికీ తెలిసిందే, 1886లో రాసిన "జంతువుల కార్నివాల్" అనే సూట్‌లో (కొన్ని పీసుల వరస) ఆయన బతికుండగా అచ్చుకి ఒప్పుకున్నది ఇదొక్కటే, మిగతావి ఆయన పోయాక 1922లో వచ్చాయి. నోట్లు తేలికే కానీ బో పొదుపుగా వాడటం రాకపోతే వాక్యం మధ్యలోనే బో అయిపోతుంది. ఫోరే సిసిలియెన్ నాకు దానికన్నా ఇష్టం, ఆ ఊగే లయ చేతికి చాలా సుఖంగా ఉంటుంది. స్పీడు కావాలనుకునేవాళ్ళు స్క్వయర్ టారంటెల్లా పట్టుకోండి, వినేవాళ్ళకి చాలా కష్టమైనది వాయించినట్టు అనిపిస్తుంది.

జాగ్రత్తలు కొన్ని. ఒకే రచనకి ఐదారు ఎడిషన్లు ఉంటాయి, మొదటిదే డౌన్‌లోడ్ చేసేయకండి. పాత ఎడిటర్లు వేలి నంబర్లు, స్లర్లు (ఒకే బోలో కలిపి వాయించాలని చెప్పే గీతలు) తమకి తోచినట్టు మార్చేసేవాళ్ళు. బాఖ్ సూట్లే తీసుకోండి, ఆయన చేత్తో రాసిన ప్రతి దొరకలేదు, భార్య అన్నా మగ్దలేనా రాసిన కాపీ ఉంది, అది ఈ సైట్‌లోనే చూడొచ్చు, అందులో స్లర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చాలాచోట్ల స్పష్టంగా ఉండదు, అందుకే ఒక్కో ఎడిషన్ ఒక్కోలా ఉంటుంది. రెండు మూడు పక్కపక్కన పెట్టి చూసి, టీచర్ ఉంటే అడిగి, ఒకటి ఖాయం చేసుకోండి. డ్యూయెట్ వాయించే ఇద్దరూ ఒకే ఎడిషన్ ప్రింట్ తీసుకోవడం అన్నిటికంటే ముఖ్యం, లేకపోతే రిహార్సల్ సగం బార్ నంబర్లు వెతుక్కోవడంలోనే పోతుంది.

కాపీరైట్ కూడా దేశాన్ని బట్టి మారుతుంది, రచయిత పోయాక కొన్ని చోట్ల 50 ఏళ్ళు, కొన్ని చోట్ల 60, కొన్ని చోట్ల 70. బార్టోక్ రెండు వయొలిన్లకి రాసిన 44 డ్యూయోలు యూరప్‌లో 2016 నుంచి ఫ్రీ, అమెరికాలో ఇంకా కాదు, సైట్ ఆ విషయం పేజీలోనే గుర్తు పెట్టి చూపిస్తుంది, దాన్ని చదివి నొక్కండి. ఈ కాలం కంపోజర్లవి, సినిమా ట్యూన్ల అరేంజ్‌మెంట్లు ఇక్కడ దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు, అవి కొనుక్కోవాల్సిందే, కొనడమే న్యాయం కూడా.

ప్రింట్ తీసే ముందు ఆఖరి పేజీ ఒకసారి చూడండి, పీసు ఎంత పైకి వెళ్తుందో అక్కడే తెలుస్తుంది. ట్రెబుల్ క్లెఫ్ (ఇంకా పై స్వరాలు రాసే గుర్తు) కనపడగానే భయపడి మూసేయొద్దు, పాత చెల్లో అచ్చుల్లో ట్రెబుల్ క్లెఫ్‌లో రాసింది చాలాసార్లు ఒక ఆక్టేవ్ (స్థాయి) కింద వాయించాలి, ముందూ వెనకా ఉన్న నోట్లతో కలిపి చూస్తే ఏది కరెక్టో తెలిసిపోతుంది, అలా చూసుకుంటే మనకి అందదనుకున్న పేజీలు చాలావరకు నాలుగో పొజిషన్‌లోనే అయిపోతాయి.