పరీక్షకు నెల మిగిలింది: లెక్కలు ముందా, ఆర్గానిక్ (కర్బన రసాయనం) ముందా?

ఇంటర్ రెండో ఏడాది కెమిస్ట్రీలో ఏటా వచ్చే తకరారే ఇది.

ఖర్చు: రెండింటికీ చెరో నోటుబుక్కు, అంతే.

సమయం: నెర్న్‌స్ట్ (ఘటం వోల్టేజీ కట్టే సూత్రం), అర్ధాయువు (పదార్థం సగమయ్యే సమయం) లెక్కలు రోజూ గంట చేస్తే పది రోజుల్లో దారికొస్తాయి. ఆర్గానిక్‌కి మూడు వారాలు, అదీ తిరగేస్తూ ఉంటేనే.

చోటు: లెక్కకు బల్ల, కాగితం ఉండాలి. ఆర్గానిక్ చర్యలు చీటీల మీద రాసుకుంటే నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులో నిలబడి కూడా చూసుకోవచ్చు.

ఎక్కడ తప్పుతుంది: జింకు అయాన్లు 0.1 మోలార్, రాగి అయాన్లు 0.01 మోలార్ అయిన డేనియల్ ఘటం (జింకు, రాగి పలకల బ్యాటరీ) తీసుకోండి. 1.10 − (0.0591/2) × లాగ్ 10, అంటే 1.07 వోల్టులు. నిష్పత్తి తిరగేస్తే 1.13 వస్తుంది, 2తో భాగించడం మరిస్తే 1.04. మూడూ నమ్మేలాగే ఉంటాయి, అదే చిక్కు. జింకు గాఢత పైన, రాగిది కింద అని ముందే రాసిపెట్టుకోండి.

ఆర్గానిక్‌లో తికమక వేరు. ఆల్ఫా హైడ్రోజన్ (ఆల్డిహైడ్ గుంపు పక్క కర్బనం మీది హైడ్రోజన్) ఉన్న ఎసిటాల్డిహైడ్‌కు సజల క్షారంతో ఆల్డాల్ చర్య. అది లేని బెంజాల్డిహైడ్‌కు గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌తో కానిజారో చర్య, వచ్చేవి: బెంజైల్ ఆల్కహాల్, సోడియం బెంజోయేట్. చాలామంది లవణం బదులు ఆమ్లం రాసేస్తారు.

లాగ్‌లు గుర్తుండి, చేతిలో పది రోజులే ఉంటే లెక్కలు పట్టండి. రోజూ రెండు గంటలు బస్సులోనే పోయేవాళ్లకు ఆర్గానిక్ నయం. నీట్ కూడా రాస్తుంటే మాత్రం ఆర్గానిక్‌తోనే మొదలుపెట్టండి, లెక్కలు రాత్రిళ్లు.