గాయకుడు లేని రాక్ పాటలు: 'దీజ్ ఆర్ ద విస్టాస్'

పియానో, నిలువు బేసు (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం), డ్రమ్ములు. గిటారు లేదు, గొంతు లేదు. అమెరికన్ జాజ్ ట్రయో (ముగ్గురి బృందం) 'ద బ్యాడ్ ప్లస్' 2002లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ స్టూడియోలో రికార్డు చేసిన ఆల్బమ్ ఇది. కొలంబియా రికార్డు కంపెనీ 2003లో విడుదల చేసింది. పియానో ఈథన్ ఐవర్సన్, బేసు రీడ్ ఆండర్సన్, డ్రమ్ములు డేవిడ్ కింగ్. పది ట్రాకుల్లో మూడే ఇతరుల పాటలు, మిగతావి సొంతం.

మన కర్ణాటక కచేరీల్లో కల్పనస్వరాలకు (అప్పటికప్పుడు అల్లే స్వరాలకు) ఒక వంతు, తని ఆవర్తనానికి (మృదంగం ఒంటరిగా వాయించే చోటుకి) ఒక వంతు. మామూలు జాజ్‌లోనూ దాదాపు అంతే. ఇక్కడ మాత్రం వంతు ఎవరిదో చాలాసార్లు తేలదు, ముగ్గురూ కలిసే పాటను వంచుతారు. అందుకే పియానో వెంట పడకుండా చెవి బేసు మీద పెట్టండి. ముందు అసలు పాట వినడం తప్పనిసరి. అది తెలియకపోతే దేన్ని వంచారో అంతుపట్టదు.

రాక్ బృందం నిర్వానా పాట 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' చూడండి. అసలు పాటలో గిటారు మోగించేవి నాలుగు పవర్ కార్డులు: ఎఫ్, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్, డి ఫ్లాట్. పవర్ కార్డంటే స, ప మాత్రమే, గాంధారం ఉండదు. మేజరా మైనరా (పెద్ద గాంధారమా చిన్న గాంధారమా) అన్నది తేల్చని ఆ ఖాళీయే పియానోకు దారి. బ్లాండీ బృందం పాట 'హార్ట్ ఆఫ్ గ్లాస్'లో సాఫీగా సాగే డిస్కో నడకను ముక్కలు చేస్తారు. ఎలక్ట్రానిక్ సంగీతకారుడు అఫెక్స్ ట్విన్ 'ఫ్లిమ్'లో యంత్రం కోసం రాసిన డ్రమ్ములను కింగ్ చేత్తో వాయిస్తాడు. నా లెక్కలో ఆల్బమ్‌లో మేటి ట్రాకు ఇదే. 'బూ-వా' మొదటిసారికి వదిలేయొచ్చు, చెవికి కరుకు.

ఫోను స్పీకరులో వింటే సగం పోతుంది. నిలువు బేసు కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు. బ్లూటూత్ డబ్బాలో బేస్ బూస్ట్ పెడితే ఇంకో తంటా: కిక్ డ్రమ్మూ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) బేసూ కలిసి ఒకే మోత అయిపోతాయి. ప్రొడ్యూసర్ చాడ్ బ్లేక్ డ్రమ్ములను అసలే రాక్ బరువుతో నిలబెట్టాడు, మళ్లీ పెంచక్కర్లేదు. ఈక్వలైజర్ ఆపేసి వైరు ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. అనంతపురం ఎండల్లో కూలర్ పక్కన కూర్చుంటే చివరి ట్రాకు 'సైలెన్స్ ఈజ్ ద క్వశ్చన్' మొదలు వినిపించనే వినిపించదు. అది సన్నగా మొదలై మెల్లగా పెరుగుతుంది. సౌండు మధ్యలో ముట్టుకోవద్దు.

కర్నూలు, కడప ఆర్కెస్ట్రాల కీబోర్డు వాళ్లు ఈ పద్ధతి పట్టుకోవాలంటే ముందు ఆటో స్టైల్ (కీబోర్డు తనంతట తానే వాయించే తోడు) ఆపాలి. ఎడమ చేత్తో స, ప మాత్రమే పట్టి, గాంధారం కుడి చేతికి వదలాలి. రిథమ్ ప్యాడ్‌లో లూప్ (ఒకే ముక్క తిరిగి తిరిగి మోగేది) వేయొద్దు, అది ఎవరి మాటా వినదు. బ్లాండీ అసలు పాట మధ్యలో వాద్యాలు మాత్రమే మోగేచోట ఏడు దెబ్బల లెక్క వస్తుంది. తకిట తకదిమి అనుకుంటూ దాని మీద సాధన చేస్తే డ్రమ్ములాయనకూ మీకూ లెక్క కుదురుతుంది.